నాకౌట్ మ్యాచ్ అనగానే రెండో పొడగరిని బెంచీకి పంపకండి: గోదావరి జిల్లాల బాస్కెట్‌బాల్ శిక్షకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శిక్షకులకు, సెలెక్షన్ కమిటీల పెద్దలకు,

నమస్కారములు.

కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల బాస్కెట్‌బాల్ జట్లను తీర్చిదిద్దే బాధ్యత మీ చేతుల్లో ఉంది. డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా పిల్లలకు ఈ ఆట నేర్పి మీ సెలెక్షన్లకు పంపేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కనుక, ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. లీగ్ మ్యాచ్‌లలో ఇద్దరు పొడగరులను కలిపి ఆడించి, ఆ బలంతోనే గెలుచుకుంటూ వచ్చి, తీరా నాకౌట్ దశకు చేరగానే వారిలో ఒకరిని బెంచీ మీద కూర్చోబెట్టి, వేగం పేరుతో నలుగురు గార్డులను, అంటే బంతిని నడిపించే చిన్న, చురుకైన ఆటగాళ్ళను దించడం మన జిల్లాల్లో రానురాను అలవాటుగా మారుతోంది. ఈ అలవాటుకు ఆధారం బలహీనమైనదని, దానివల్ల మ్యాచ్‌లూ పిల్లలూ రెండూ చేజారుతున్నాయని నా గట్టి అభిప్రాయం. అది ఎందుకో వివరంగా చెప్పనివ్వండి.

ఎప్పుడు అడిగినా వినిపించే సమాధానం ఒకటే. "ప్లేఆఫ్స్‌లో ఇద్దరు పెద్దవాళ్ళతో ఆడితే గెలవరండీ, ఎన్‌బీఏలో చూడటం లేదా?" అంటారు. మన వేసవి శిబిరాలు జరిగే ఏప్రిల్, మే నెలల్లోనే ఆ అమెరికా లీగ్ నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్ జరుగుతాయి. తెల్లవారుజామున లేచి ఫోన్లలో ఆ ఆట చూసి నేరుగా కోర్టుకు వచ్చే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చూడటం మంచిదే, చూసి నేర్చుకోవడం ఇంకా మంచిది. అయితే అక్కడ జరిగింది ఏమిటో పూర్తిగా చూడాలి, చూసినది మన కోర్టుకు ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించాలి. ఈ రెండు పనులూ మనం సరిగా చేయడం లేదు.

ముందుగా ఎదుటి పక్షం వాదనకు దక్కవలసిన గౌరవం ఇస్తాను, ఎందుకంటే అది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. ఇద్దరు పొడగరులు రింగుకు దగ్గరగా నిలబడితే వారిని కాపలా కాసే ఇద్దరు ప్రత్యర్థులు కూడా అక్కడే నిలబడతారు, దాంతో బంతి తీసుకుని లోపలికి దూసుకువెళ్ళాలనుకునే గార్డుకు దారి మూసుకుపోతుంది. ఇక డిఫెన్స్‌లో, ఎదుటి జట్టు ఐదుగురూ బయటి నుంచి షాట్ వేయగలవాళ్ళయితే, రెండో పొడగరి రింగును వదిలి, దూరపు షాట్‌కు మూడు పాయింట్లు ఇచ్చే త్రీ పాయింట్ గీత దాకా పరుగెత్తాలి. స్క్రీన్ మీద స్క్రీన్ పెట్టి, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడి, అతణ్ణి బయటికి లాగి, కాలి వేగంలో తమ గార్డుతో తలపడేలా చేస్తారు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఒకే ప్రత్యర్థితో రోజు విడిచి రోజు ఆడేటప్పుడు, ఆ బలహీనతను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అక్కడే కొట్టడానికి శిక్షకులకు కావలసినంత సమయం ఉంటుంది.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ 2015 ఫైనల్స్. క్లీవ్‌లాండ్ చేతిలో 1-2తో వెనకబడిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ నాలుగో మ్యాచ్‌కు తమ సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) ఆండ్రూ బోగట్‌ను పక్కనపెట్టి ఆండ్రే ఇగ్వొడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చింది, వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి టైటిల్ అందుకుంది. ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఇగ్వొడాలాకే దక్కింది. చిన్న ఆటగాళ్ళతో ఆడటమే ఆధునిక బాస్కెట్‌బాల్ అన్న మాట ప్రపంచమంతా పాకింది అప్పటి నుంచే.

కానీ అదే సిరీస్‌లో అవతలి బెంచీలో జరిగినదాన్ని మన శిక్షకులు ఎందుకో చెప్పుకోరు. క్లీవ్‌లాండ్ అప్పుడు టిమోఫీ మోజ్గోవ్, ట్రిస్టన్ థాంప్సన్ అనే ఇద్దరు పొడగరులతో ఆడుతోంది. నాలుగో మ్యాచ్‌లో జట్టు ఓడినా మోజ్గోవ్ 28 పాయింట్లు చేశాడు. ఐదో మ్యాచ్‌లో ప్రత్యర్థి వేగానికి తామూ సరితూగాలని అతణ్ణి 9 నిమిషాలు మాత్రమే ఆడించారు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారు. ప్రత్యర్థి తనకు నచ్చిన ఆట ఆడుతున్నప్పుడు మన బలాన్ని మనమే బెంచీ మీద పెట్టి అతని ఆటలోకి వెళ్ళినంత మాత్రాన అతనితో సమానం కాలేమని ఆ మ్యాచ్ చెబుతోంది. మన జిల్లా జట్లు క్వార్టర్ ఫైనల్స్‌లో చేస్తున్నది సరిగ్గా క్లీవ్‌లాండ్ చేసిన పనే, వారియర్స్ చేసినది కాదు.

అదే ఏడాది రెండో రౌండ్‌లో జరిగిన మరో సిరీస్‌ను ఇంకాస్త దగ్గరగా చూడమని కోరుతున్నాను. మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టులో జాక్ రాండాల్ఫ్, మార్క్ గసోల్ అనే ఇద్దరు భారీ ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి జోడీగా ఆడారు. 2011లో ఎనిమిదో స్థానంలో ప్లేఆఫ్స్‌కు వచ్చి మొదటి స్థానంలో ఉన్న శాన్ ఆంటోనియోను 4-2తో ఇంటికి పంపింది ఈ జోడీయే. 2015లో వారియర్స్ మీద కూడా వీళ్ళు 2-1తో ముందున్నారు. అప్పుడు వారియర్స్ ఏం చేసిందో గమనించండి. రాండాల్ఫ్‌నో గసోల్‌నో ఆపడానికి కొత్త మనిషిని తేలేదు. మెంఫిస్ గార్డు టోనీ ఆలెన్‌ను కాపలా కాసే పని సెంటర్ బోగట్‌కు అప్పగించింది. ఆలెన్ గొప్ప డిఫెండర్, కానీ బయటి నుంచి షాట్ పడదు. బోగట్ అతణ్ణి గాలికి వదిలేసి రింగు కిందే కూర్చున్నాడు. దాంతో ఇద్దరు పొడగరుల మీదికి మూడో మనిషి వచ్చి చేరాడు, లోపల చోటు లేకుండా పోయింది, సిరీస్ 4-2తో వారియర్స్‌కు పోయింది. పొడగరులు ఇద్దరున్నందుకు మెంఫిస్ ఓడలేదు. వాళ్ళ పక్కన షాట్ వేయలేని మూడోవాడు ఉన్నందుకు ఓడింది.

2023లో క్లీవ్‌లాండ్ విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. జారెట్ ఆలెన్, ఇవాన్ మోబ్లీ అనే ఇద్దరు పొడగరులతో 51 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు వచ్చిన జట్టు మొదటి రౌండ్‌లోనే న్యూయార్క్ చేతిలో 4-1తో ఓడింది. న్యూయార్క్ వాళ్ళు వింగ్‌లో, అంటే కోర్టు పక్క భాగంలో ఆడే ఐజాక్ ఒకోరోను బయట వదిలేశారు, అతని డిఫెండర్‌ను లోపలికి పంపారు. అంతకన్నా బాధ కలిగించేది, ఇద్దరు పొడగరులున్న జట్టు ఆ సిరీస్‌లో రీబౌండ్ల (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) దగ్గర దెబ్బతినడం. మిచెల్ రాబిన్సన్ ఒక్కడే వచ్చి వాళ్ళ నెత్తి మీద నుంచి బంతులు లాక్కుపోయాడు. ఎత్తు ఉంటే చాలు, రీబౌండ్ దానంతట అదే వస్తుందనుకునే శిక్షకులు మన దగ్గరా ఉన్నారు. షాట్ గాలిలో ఉండగానే ఒంటితో ప్రత్యర్థిని వెనక్కి నెట్టి చోటు పట్టుకోవడం నేర్పకపోతే ఏడడుగుల మనిషైనా నిలబడి చూడవలసిందే.

ఇక గెలిచినవాళ్ళ సంగతి. 1999లో టిమ్ డంకన్, డేవిడ్ రాబిన్సన్‌ల జోడీతో శాన్ ఆంటోనియో ప్లేఆఫ్స్‌లో 15 గెలిచి 2 మాత్రమే ఓడి టైటిల్ సాధించింది. 2003లో ఆ ఇద్దరితోనే మళ్ళీ గెలిచింది. 2010 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో లేకర్స్ 83-79తో బోస్టన్‌ను ఓడించిన రోజున కోబీ బ్రయంట్ 24 షాట్లు వేస్తే 6 మాత్రమే పడ్డాయి. అంత గొప్ప ఆటగాడికి షాట్ పడని రోజున జట్టును నిలబెట్టింది రీబౌండ్లే. పావ్ గసోల్ ఒక్కడే 18 అందుకున్నాడు, జట్టు మొత్తం మీద తమ సొంత షాట్లు తప్పినప్పుడే 23 సార్లు బంతిని తిరిగి చేజిక్కించుకుంది. అవన్నీ పాతకాలపు సంగతులంటారా, దగ్గరి కాలానికే వద్దాం. 2021లో మిల్వాకీ టైటిల్ గెలిచినప్పుడు యానిస్ అంటెటొకౌంపో పక్కన బ్రూక్ లోపెజ్ ఉన్నాడు. ఈ లోపెజ్‌కు మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి రింగులో పడిన త్రీ పాయింటర్లు మూడే. తర్వాత దూరం నుంచి వేయడం సాధన చేసి, యానిస్‌కు రింగు దగ్గర చోటు వదిలిపెట్టే సెంటర్‌గా మారాడు. ఇరవై ఎనిమిదేళ్ళు దాటాక నేర్చుకోగలిగినది పద్నాలుగేళ్ళ మన పిల్లవాడు నేర్చుకోలేడా?

2025 ఫైనల్స్ మన చర్చకు మరీ దగ్గరైనవి. ఆ ఏడు 68 మ్యాచ్‌లు గెలిచిన ఓక్లహోమా సిటీ జట్టులో చెట్ హోమ్‌గ్రెన్, ఐజయా హార్టెన్‌స్టైన్ ఇద్దరూ ఏడడుగులవాళ్ళు. ప్రత్యర్థి ఇండియానా వేగంగా ఆడే జట్టు కనుక ఫైనల్స్ మొదటి మ్యాచ్‌కు హార్టెన్‌స్టైన్ స్థానంలో గార్డు కేసన్ వాలెస్‌ను మొదటి ఐదుగురిలోకి తీసుకున్నారు. ఆ మ్యాచ్ 111-110తో ఓడారు. మూడు మ్యాచ్‌లు ముగిసేసరికి 1-2తో వెనకబడ్డారు. నాలుగో మ్యాచ్‌కు హార్టెన్‌స్టైన్‌ను తిరిగి మొదటి ఐదుగురిలోకి తెచ్చారు, 111-104తో గెలిచి సిరీస్ సమం చేశారు, చివరికి ఏడో మ్యాచ్‌లో టైటిల్ అందుకున్నారు. నాలుగో మ్యాచ్ గెలుపు ఆ ఒక్క మార్పు వల్లే వచ్చిందని నేను అనను. ఆఖరి నిమిషాల్లో వాళ్ళ గార్డు షై గిల్జియస్ అలెగ్జాండర్ పాయింట్లు చేయకపోతే అదీ పోయేదే. కానీ ఒత్తిడి మీద ఒత్తిడి పెరుగుతున్న వేళ ఒక శిక్షకుడు ఆ ప్లేఆఫ్స్‌లో ఫైనల్స్ దాకా తనను గెలిపించిన కూర్పుకు తిరిగి వెళ్ళాడన్నది మాత్రం నిజం. మనం ఎన్‌బీఏను చూసి నేర్చుకోదలిస్తే ఈ మధ్య కాలంలో ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇప్పుడు మన కోర్టులకు వస్తాను, ఎందుకంటే అసలు తేడా ఇక్కడే ఉంది.

మొదటిది, మన నాకౌట్ ఒక్క మ్యాచ్. ఉదయం ఒక జట్టుతో ఆడతాం, గెలిస్తే సాయంత్రమో మర్నాడో మరో జట్టుతో ఆడతాం. మన రెండో పొడగరి బలహీనతను వీడియోలో చూసి, రెండు రోజులు కూర్చుని పథకం వేసి, మూడో మ్యాచ్‌లో దాన్ని అమలు చేసే అవకాశం ఎదుటి శిక్షకుడికి లేదు. ఇద్దరు పొడగరుల జోడీ ఎదురైనప్పుడు దానికి విరుగుడు కనిపెట్టడానికి అతనికి ఉన్నది నలభై నిమిషాలు, కొన్ని టైమౌట్లు. ప్లేఆఫ్స్‌లో ఆ కూర్పును దెబ్బతీసే ముఖ్యమైన ఆయుధం, అంటే ఒకే ప్రత్యర్థిని రోజుల తరబడి పరిశీలించే సమయం, మన పోటీల్లో ఎవరి దగ్గరా లేదు. అక్కడి భయాన్ని ఇక్కడికి తెచ్చుకుని ముందుగానే చేతులెత్తేయడం ఎందుకు?

రెండోది, నియమాలు. ఎన్‌బీఏలో డిఫెన్స్ చేసే ఆటగాడు ఎవరినీ దగ్గరగా కాపలా కాయకుండా రింగు ముందు ప్రాంతంలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. మనం ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో ఆ నిషేధం లేదు. అంటే మనిషిని కాక చోటును కాపలా కాసే జోన్ డిఫెన్స్‌లో మన పొడగరి రింగు కింద ఎంతసేపైనా ఉండవచ్చు, రెండోవాడు ముందుకు వెళ్ళి గార్డులను అడ్డుకోవచ్చు. అలాగే బంతి ఒకసారి రింగుకు తగిలిన తర్వాత, అది ఇంకా రింగు పైనే ఉన్నా సరే, ఫిబా నియమాల ప్రకారం ఎవరైనా దాన్ని తాకవచ్చు. చెయ్యి ఎత్తుకు అందేవాడికి ఇది ఎంత పెద్ద వరమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆటగాణ్ణి మ్యాచ్ నుంచి బయటికి పంపే ఫౌళ్ళు మాత్రం అక్కడ ఆరు, ఇక్కడ ఐదే కనుక పొడగరులకు చేతులు అదుపులో పెట్టుకోవడం మరింత అవసరం. ఒక పొడగరి మూడో ఫౌల్ చేసినప్పుడు రెండోవాడు కోర్టులోనే ఉండటం కూడా జోడీ వల్ల కలిగే మేలే.

మూడోది, మన పొడగరి ఎంత పొడగరి? వారియర్స్ గార్డు స్టెఫెన్ కరీ ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. మన డెల్టా జట్లలో ఆ ఎత్తు కుర్రవాడు కనిపిస్తే మరో మాట లేకుండా సెంటర్ అనేస్తాం, బంతి రెండుసార్లు నేలకు కొట్టగానే "నీకెందుకురా డ్రిబ్లింగ్, రింగు కిందికి పో" అని కసురుతాం. ఏడడుగుల భారీ మనిషి త్రీ పాయింట్ గీత దగ్గర కాళ్ళు కదపలేడన్న అమెరికా వాదనను ఆరడుగుల సన్నపాటి కుర్రవాడికి అంటగట్టడం ఏ విధంగానూ న్యాయం కాదు. వాడి కాళ్ళలో వేగం ఉంది. లేనిదల్లా మనం నేర్పని ఆటే.

నాలుగోది మన వాతావరణం. మన కోర్టులు చాలావరకు ఆరుబయటి కాంక్రీటు కోర్టులు. అమలాపురం, నరసాపురం వైపు సాయంత్రం సముద్రపు గాలి లేచిన తర్వాత ఆడించినవాళ్ళకు తెలుసు, 6.75 మీటర్ల దూరం నుంచి చక్కగా వేసిన షాట్ కూడా గాలికి పక్కకు జరిగి రింగు అంచుకు కొట్టుకుని ఎగిరిపోతుంది. పైగా చెమటకు బంతి జారుతుంది. వర్షాకాలం వెళ్ళిన కొత్తలో కోర్టు మూలల్లో పాచి ఇంకా వదలదు, అక్కడి నుంచి వేగంగా మలుపు తిరిగే గార్డు కాలు జారుతుంది. ఇలాంటి చోట బయటి షాట్ల మీద, కాలి వేగం మీద జట్టు భవిష్యత్తు పెట్టడం కన్నా, రింగుకు రెండు మూడు అడుగుల దూరంలో గాలికి చెదరని షాట్ వేయగల ఇద్దరిని ఉంచుకోవడం తెలివైన పని. తప్పిన షాట్లు ఎక్కువగా ఉండే ఆటలో రీబౌండే ఆయువుపట్టు.

అందుకే ఒక నాకౌట్ మ్యాచ్‌లో జరిగినది నా మనసులో నుంచి పోవడం లేదు. బాలికల అంతర్ జిల్లా పోటీ, క్వార్టర్ ఫైనల్. ఆ జట్టులో ఇద్దరు పొడవైన అమ్మాయిలు ఉన్నారు. లీగ్ దశలో వాళ్ళిద్దరూ కలిసి ఆడినంతసేపూ ఎదుటి జట్లకు షాట్ తప్పితే రెండో అవకాశం దొరకలేదు. ఒకమ్మాయి ఫ్రీ త్రో గీత (ఫౌల్‌కు దక్కే అడ్డులేని షాట్లు వేసే గీత) దగ్గరికి పరుగెత్తుకుని వచ్చి బంతి అందుకునేది. అదే క్షణంలో రెండో అమ్మాయి రింగు కింద తన డిఫెండర్‌ను వీపు వెనక్కి తెచ్చుకుని, మోకాళ్ళు వంచి, ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడేది. పై నుంచి వచ్చిన పాస్ ఆ అరచేతిలో పడటం, ఆమె ఒక్క అడుగు తిప్పి బంతిని బోర్డుకు తాకించి రింగులో వేయడం, ఈ మొత్తం రెండు సెకన్లలో అయిపోయేది. ఎవరూ ఆపలేకపోయారు. క్వార్టర్ ఫైనల్ ఉదయం ఆ పై నుంచి పాస్ ఇచ్చే అమ్మాయిని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎదుటి జట్టు వేగంగా ఆడుతుందన్నది కారణం. రింగు కింద ఒంటరిగా మిగిలిన అమ్మాయి మీద ఇద్దరు చొప్పున కాపలా పడ్డారు, ఆమెకు బంతి అందించేవాళ్ళు లేరు. మూడో క్వార్టర్‌లో ఆమె నాలుగో ఫౌల్ చేసింది, తర్వాత ఆట మిగల్లేదు. బెంచీ మీది అమ్మాయి మ్యాచ్ అయ్యేదాకా వార్మప్ జాకెట్ విప్పలేదు. మర్నాటి నుంచి ఆమె బాస్కెట్‌బాల్‌కు రాలేదు, వాలీబాల్‌కు వెళ్ళిపోయింది. ఆ శిక్షకుణ్ణి తప్పుపట్టాలని ఇది రాయడం లేదు, ఆయన నిజంగానే జట్టు మంచి కోరారు. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఎంత ఖరీదైనదో మీ ముందు పెట్టడమే నా ఉద్దేశం.

మన ఊళ్ళలో పొడవైన పిల్లలను ముందుగా అందుకునేది వాలీబాల్. అందులో తప్పు లేదు, ఆ ఆట కూడా మనదే. కానీ దాన్ని దాటుకుని బాస్కెట్‌బాల్‌కు వచ్చిన పొడగరులు ఒక జట్టులో ఇద్దరు దొరకడం అరుదు. ఆ అదృష్టం దక్కినప్పుడు "ఇద్దరిలో ఎవరు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకుండా "ఇద్దరూ కలిసి ఎలా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టమని నా విన్నపం.

ఇద్దరూ కలిసి ఎలా అన్నదానికి నాకు తెలిసినంతలో జవాబు ఇది. ఇద్దరిలో ఒకరైనా రింగుకు దూరంగా నిలబడి పనికి రావాలి. త్రీ పాయింటర్ వేయగలిగితే సంతోషమే, వేయలేకపోయినా ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి షాట్ వేయాలి, అక్కడి నుంచి లోపలికీ మూలలకూ పాస్ ఇవ్వాలి. 2014లో వుహాన్‌లో జరిగిన ఫిబా ఆసియా కప్‌లో మన దేశం చైనాను 65-58తో ఓడించినప్పుడు జట్టులో అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ ఇద్దరూ ఉన్నారు. అమృత్‌పాల్ లోపలి ఆటగాడు, అమ్‌జ్యోత్ బయటి నుంచి కూడా వేయగలవాడు. పొడగరుల జోడీ అంటే ఒకే పని చేసే ఇద్దరు కాదని చెప్పడానికి అమెరికా దాకా పోనక్కరలేదు.

వాళ్ళ పక్కన ఆడే ముగ్గురి ఎంపిక ఇంకా ముఖ్యం. మెంఫిస్, క్లీవ్‌లాండ్ జట్ల ఓటములు చెబుతున్నది ఇదే. ఇద్దరు పొడగరులు ఆడుతున్నప్పుడు మూలలో నిలబడే మూడోవాడికి ఓపెన్ షాట్ పడాలి. ఎంత బాగా డిఫెన్స్ చేసినా, ఎంత చురుగ్గా పరుగెత్తినా, అతణ్ణి ఎదుటివాళ్ళు వదిలేసే పరిస్థితి ఉంటే ఆ జోడీ ఊపిరాడక చస్తుంది. కాబట్టి నాకౌట్‌లో మార్చవలసి వస్తే ముందుగా మార్చవలసింది ఆ మూడోవాణ్ణి. మన శిక్షకులు అతణ్ణి వదిలేసి పొడగరిని తీసేస్తున్నారు.

ఫ్రీ త్రోల గురించి ఒక్క మాట. 2025 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో హ్యూస్టన్ జట్టు ఆల్పెరెన్ షెంగూన్, స్టీవెన్ ఆడమ్స్‌ల జోడీతో వారియర్స్‌ను ఏడో మ్యాచ్ దాకా లాగింది. ఆ జోడీని ఆటతో ఆపలేక వారియర్స్ ఆడమ్స్ మీద కావాలని ఫౌళ్ళు చేసింది, ఎందుకంటే అతనికి ఫ్రీ త్రోలు సరిగా పడవు. మన నియమాల్లో బంతితో సంబంధం లేకుండా చేసే ఫౌల్‌ను రిఫరీ అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌గా, అంటే క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైనదిగా ప్రకటించే వీలు ఉంది కనుక అంత బాహాటంగా చేయరు. అయినా రింగు కింద బంతి అందుకున్న పొడగరి చేతి మీద కొట్టడం అన్ని జట్లకూ తెలిసిన విద్యే, ఒక క్వార్టర్‌లో జట్టు మొత్తం ఫౌళ్ళు నాలుగు దాటాక ప్రతి ఫౌల్ ఫ్రీ త్రో గీతకే తీసుకువెళుతుంది. సాధన ముగిసి పిల్లలు అలసిపోయాక, కాళ్ళు వణుకుతున్న ఆ సమయంలో పొడగరులతో ఫ్రీ త్రోలు వేయించండి. నాలుగో క్వార్టర్‌లో వాళ్ళు వేయవలసింది ఆ కాళ్ళతోనే.

ఈ జోడీని ఏ క్షణంలోనూ విడదీయకూడదని నా వాదన కాదు. 2020లో లేకర్స్ టైటిల్ గెలిచిన తీరు దీనికి మంచి ఉదాహరణ. ఆంథొనీ డేవిస్ పక్కన మరో సెంటర్‌ను ఆడిస్తూ సీజన్ గడిపిన ఆ జట్టు, 6 అడుగుల 5 అంగుళాల పి.జె. టకర్‌ను సెంటర్‌గా ఆడించిన హ్యూస్టన్ ఎదురైనప్పుడు తానూ చిన్న కూర్పుకు మారింది. తర్వాతి రౌండ్‌లో డెన్వర్ భారీ సెంటర్ నికోలా యోకిచ్ ఎదురుకాగానే తన సెంటర్ డ్వైట్ హవర్డ్‌ను తిరిగి తెచ్చింది. ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో మళ్ళీ అతని స్థానంలో గార్డు అలెక్స్ కరూసోను మొదటి ఐదుగురిలో దించింది. ఎదుట ఉన్నవాళ్ళను బట్టి మార్పు చేయడం వేరు, నాకౌట్ అన్న పేరు చూసి మార్పు చేయడం వేరు. ఎదుటి జట్టులో ఐదుగురికీ నిజంగా బయటి షాట్ పడుతూ, మన రెండో పొడగరి వెనకబడుతున్నాడని కళ్ళకు కనిపిస్తే, రెండో క్వార్టర్‌లో అతణ్ణి కాసేపు తీయండి, రీబౌండ్లు చేజారుతుంటే తిరిగి పంపండి. మ్యాచ్ మొదలు కాకముందే, ఒక్క షాట్ పడకముందే నిర్ణయించవద్దని మాత్రమే అడుగుతున్నాను.

2024లో మిన్నెసోటాకు ఎదురైన రెండు సిరీస్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. రూడీ గోబెర్, కార్ల్ ఆంథొనీ టౌన్స్‌ల జోడీ అప్పటి ఛాంపియన్ డెన్వర్‌ను ఏడో మ్యాచ్‌లో 20 పాయింట్లు వెనకబడి కూడా 98-90తో ఓడించింది. టౌన్స్ యోకిచ్‌ను ఒంటితో అడ్డుకుంటే గోబెర్ వెనక నుంచి సాయానికి వచ్చేవాడు. అదే జోడీ తర్వాతి రౌండ్‌లో డల్లాస్ చేతిలో 4-1తో ఓడింది. రెండో మ్యాచ్ చివరి క్షణాల్లో లూకా డోన్చిచ్ గోబెర్‌ను గీత అవతలికి లాగి అతని మీదుగా వేసిన త్రీ పాయింటర్‌తో 109-108 అయింది. ఒకే కూర్పు, ఒకే నెలలో, ఒక ప్రత్యర్థి మీద గెలిచింది, మరొకరి మీద ఓడింది. ఇద్దరు పొడగరుల ఆట ప్లేఆఫ్స్‌లో చెల్లుతుందా చెల్లదా అన్న ప్రశ్నకు ఒకే మాటతో జవాబు చెప్పేవాళ్ళు ఈ రెండింటిలో ఒకదాన్ని చూడనట్టే.

సెలెక్షన్ కమిటీల పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. పన్నెండు మందిని ఎంపిక చేసేటప్పుడు "సెంటర్ ఇప్పటికే ఉన్నాడు కదా" అని రెండో పొడగరిని పక్కన పెడుతున్నారు. ఎంపికయ్యాక శిబిరంలో పొడగరులందరినీ ఒక రింగు కిందికి, గార్డులందరినీ ఇంకో రింగు కిందికి తోలుతున్నారు. ఇద్దరు పొడగరులు ఎదురెదురుగా ఆడటమే తప్ప ఒకే జట్టులో కలిసి ఆడే అవకాశం శిబిరం మొత్తం మీద రాదు. అలాంటి జోడీ నాకౌట్‌లో తడబడితే ఆశ్చర్యం ఏముంది? శిబిరం మొదటి రోజు నుంచే వాళ్ళిద్దరినీ రోజూ కొంతసేపు ఒకే వైపు ఆడించండి. డిఫెన్స్‌లో ఎవరు బయటికి వెళ్ళాలో, ఎవరు వెనక ఉండాలో నోరు తెరిచి ఒకరికొకరు చెప్పుకోవడం అలవాటు చేయండి. మన పిల్లలు కోర్టులో మౌనంగా ఆడతారు, పెద్దల ముందు గొంతెత్తకూడదన్న సంస్కారం అక్కడా వెంటాడుతుంది. ఆ మొహమాటం పోగొట్టే బాధ్యత మనదే.

రాబోయే సీజన్‌లో ఏ జిల్లా జట్టులోనైనా ఇద్దరు పొడగరులు ఉంటే, శిబిరం రోజుల్లో ఉదయం పూట వచ్చి వాళ్ళకు ఫ్రీ త్రో గీత దగ్గరి ఆట, పై నుంచి లోపలికి ఇచ్చే పాస్, చోటు పట్టుకునే పద్ధతి నేర్పించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పారితోషికం అక్కరలేదు. భీమవరమైనా రామచంద్రపురమైనా తాడేపల్లిగూడెమైనా బడి వేళకు తిరిగి చేరుకోగలను. సెలవుల్లోనైతే రోజంతా ఉంటాను. నా అభిప్రాయంతో ఏకీభవించని శిక్షకులు కూడా తమ జట్టును తీసుకుని వస్తే మరీ సంతోషం. నలుగురు గార్డుల కూర్పు ఒకవైపు, ఇద్దరు పొడగరుల కూర్పు ఇంకోవైపు పెట్టి, పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఫిబా నియమాల ప్రకారం, రిఫరీని పెట్టి ఆడిద్దాం. రీబౌండ్లు, పాయింట్లు ఎవరికెన్ని వచ్చాయో స్కోర్ షీట్ మీద రాసి, ఆ కాగితం మీ కమిటీ ముందు ఉంచుదాం.

భవదీయుడు,
ఒక వ్యాయామోపాధ్యాయుడు,
కోనసీమ